పిండొద్దన్న స్వెట్టరు

స్వెట్టరంటే నాకు పడదు. వేసుకోవడం సంగతి కాదు, ఉతకడం సంగతి చెబుతున్నాను. పట్టుచీర ఇవ్వండి, దుప్పట్లివ్వండి, గ్రీజు మరకలున్న ఖాకీ ప్యాంటివ్వండి, వెనక్కి తగ్గను. వాటికి ఒక పద్ధతుంది. నానబెడితే నానుతాయి, బండకేసి కొడితే మురికి వదులుతాయి, తీగ మీద వేస్తే సాయంత్రానికి ఆరిపోతాయి. స్వెట్టరు అట్లా కాదు. నీళ్లలో ముంచితే తడిసిన మేకపిల్లలా బరువెక్కుతుంది. రుద్దితే ఉండలు కడుతుంది. వేడినీళ్లు తగిలితే ముడుచుకుంటుంది, తీగ మీద వేలాడదీస్తే సాగుతుంది. ఎండలో వేస్తే రంగు పోతుంది, నీడలో వేస్తే మూడు రోజులకు కూడా తడి ఆరక వాసన కొడుతుంది. హైదరాబాదులో గట్టిగా చలి ఉండేది నెలన్నర. ఆ నెలన్నర కోసం ఏడాదంతా దానికి పెట్టెలో చోటివ్వాలి, పురుగు పట్టకుండా కాపలా కాయాలి.

నేను మొదట పాడుచేసింది నా ఇంటి స్వెట్టరే. నా భర్త ఆటో నడిపేవాడు. పొద్దున్నే బండి తీసేవాడు కాబట్టి చలి ఆయనకే ఎక్కువ. నారాయణగూడలో చలికాలం రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే నేపాలీ వాళ్ల దగ్గర బూడిదరంగు స్వెట్టరొకటి కొనుక్కున్నాడు. నెల రోజులు వేసుకున్నాక నేను దాన్ని అన్ని బట్టల్లాగే పిండేశాను. మాది జనగామ దిక్కు. అక్కడ బట్టలు పిండుడంటే ఉతకడమే. సబ్బు పెట్టడం దగ్గర నుంచి తీగ మీద వేసేదాకా మొత్తం కలిపి పిండుడు. ఈ మాట ఒకటి మనసులో పెట్టుకోండి, నా గొడవంతా దీని చుట్టూనే.

అట్లా సబ్బుబిళ్ల పెట్టి, బ్రష్షు కొట్టి, బండకేసి బాది, మెలేసి తీగ మీద వేశాను. మర్నాడు చూస్తే మోకాళ్ల దాకా దిగింది. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. ఆయన దాన్నే తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమే, ఇది స్వెట్టరా, నీ నైటీనా? నన్ను గిట్ల జూస్తే ఎవడన్న ఆటో ఎక్కుతడా?" అన్నాడు.

పక్కింటి వాళ్లు కూడా వచ్చి చూసి నవ్వారు. ఆయన కోప్పడలేదు. చేతులు పైకి మడుచుకుని ఆ చలికాలమంతా దాన్నే వేసుకున్నాడు. రెండువేల తొమ్మిదిలో ఆయన పోయాడు. నా బుర్రలో మాత్రం అప్పుడు పడిన ముద్ర అట్లాగే ఉండిపోయింది. ఊలుకు నీళ్లు తగిలించకూడదు అని.

ఆయన పోయాక ఇళ్లు ఎక్కువ పట్టుకున్నాను. పొద్దున అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టలు. పరీక్షలకు చదువుకునే పిల్లలు, అన్నీ జీన్సు ప్యాంట్లే, బకెట్టు ఎత్తాలంటే నడుము పట్టేసేది. ఆ తర్వాత చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో ఒక అపార్టుమెంటు. మూడో అంతస్తులో టీచరమ్మ ఇల్లు. వాళ్లు గోదావరి వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. ఆమె ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యింది. కొడుకు, కోడలు తొమ్మిదింటికల్లా ఆఫీసులకు పోయేవారు. ఇంట్లో మిషనుంది కానీ అది కోడలి బట్టలకు. టీచరమ్మ బట్టలు చేత్తోనే ఉతకాలి.

ఆమె చెడ్డదని నేననను. టీ ఇచ్చేది, మోకాళ్ల నొప్పులకు మందు చెప్పేది. కానీ నా నోట్లోంచి మాట బయటపడగానే దిద్దేది. గట్ల అంటే "అలా అనాలి" అనేది. ఏంది అంటే "ఏమిటి" అనేది. సరే అమ్మా అని నేను మళ్లీ గట్లనే మాట్లాడేదాన్ని. నలభై ఏళ్లు దాటిన నాలుక, దాన్ని బడికి పంపితే పోతుందా.

ఆమెకు మెరూన్‌రంగు స్వెట్టరొకటి ఉండేది. వాళ్ల అక్క చేత్తో అల్లింది. ఆ అక్క ఇప్పుడు లేదు. ఊలు బట్టలు ఆమె ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, తనే చూసుకునేది. ఒక ఏడు కుడి మణికట్టు వాచి, చెంబు కూడా ఎత్తలేకపోయింది. చలి తగ్గిన రోజులు. ఒక పొద్దున ఆ స్వెట్టరు, ఒక శాలువా, మంకీ క్యాపు తెచ్చి నా ముందు పడేసింది. అప్పుడే ఫోను మోగింది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటూనే, "ఇవి ఊలువి. వీటిని మాత్రం పిండకు, పాడైపోతాయి. పని కాగానే పెట్టెలో సర్దెయ్యి," అని లోపలికి పోయింది.

నేను స్వెట్టరు తిప్పి చూశాను. గుండెల మీద కాఫీ మరక. మెడ దగ్గర నూనె జిడ్డు. ఇంత మురికి పెట్టుకుని పిండొద్దంటుందేమిటి అనిపించింది. అడుగుదామంటే ఫోను వదలదు. నా భర్త స్వెట్టరు గుర్తొచ్చింది. ఊలుకు నీళ్లు పడవని ఆమెకూ తెలుసు, చదువుకున్న మనిషి కదా అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను, అది చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గు. ఎప్పుడూ ఉతుకు, ఉతుకు అనే మనిషి ఆ రోజు పిండు అన్న మాట వాడింది. నాకు సరిగ్గా అర్థం కావాలని మా మాట మాట్లాడిందనుకుని లోపల సంతోషపడ్డాను.

మూడింటినీ బాల్కనీ నీడలో దులిపి, ఆరబెట్టి, మడతపెట్టాను. కలరా ఉండల వాసన ఆమెకు పడదు, తుమ్ములొస్తాయి. అందుకని ఎండు వేపాకు గుడ్డలో కట్టి పెట్టెలో అడుగున పెట్టి, పైన ఇవి సర్దాను.

వెళ్లేముందు ఆమె అడిగింది. "స్వెట్టరు పని అయిందా?"

"అయిందమ్మా. పెట్టెల పెట్టిన."

"పిండలేదు కదా?"

"ఎందుకు పిండుత అమ్మా, మీరు వద్దన్నంక."

"మంచి పని చేశావు," అంది.

ఆ ఇంట్లో నాకు ఆ మాట అరుదు. మెట్లు దిగుతుంటే మోకాళ్లు కూడా నొప్పి పెట్టలేదు.

మళ్లీ చలి మొదలైన రోజుల్లో పెట్టె తెరిచింది. నేను వెనక బాల్కనీలో ఉన్నాను. పేరు పెట్టి పిలవదు ఆమె, "ఇలా రా" అంటుంది. పోయాను. స్వెట్టరు రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గుండెల మీద ఎక్కడ కాఫీ ఒలికిందో సరిగ్గా అక్కడే నాలుగు కన్నాలు, అటువైపు కిటికీ కనబడుతోంది. మెడ దగ్గర ఇంకో రెండు. వేపాకు వేపాకులాగే ఉంది, పురుగుకు దాని లెక్కే లేదు.

"దీన్ని నువ్వు ఉతకనే లేదు," అంది.

"పిండొద్దన్నరు గదమ్మా."

"పిండొద్దన్నాను. ఉతకొద్దన్నానా?"

"రెండు ఒక్కటే గదా."

"ఒక్కటెలా అవుతుంది? ఉతకడం ఉతకడమే, పిండడం పిండడమే. మెలేసి నీళ్లు తీయొద్దని చెప్పాను. పని ఎగ్గొట్టి, అయిందని అబద్ధం చెప్పి, ఇప్పుడు మాటలు తిప్పుతున్నావు."

"మా దిక్కు పిండుడంటే ఉతుకుడే అమ్మా. మీరు నీళ్లు తియ్యొద్దంటే తియ్యకపోదును. పిండొద్దన్నరు, పిండలే."

"మీ దిక్కు, మా దిక్కు అని నువ్వూ మొదలుపెట్టావా? రోడ్ల మీద బందులు చాలలేదు, ఇంట్లో కూడానా?"

"నాకు బందుల సంగతి తెల్వదమ్మా. నేను స్వెట్టర్ సంగతి చెప్తున్న."

ఆమె వినలేదు. స్వెట్టరు పాడైనందుకు తిడితే పడేదాన్ని. ఆమె అక్క అల్లినది, కడుపు మండుతుంది, నాకు తెలుసు. కానీ ఆమె తిట్టింది దానికి కాదు. అబద్ధం చెప్పావంది. మా పనిలో మనిషికి ఉండేది ఆ ఒక్క పేరే. జేబులో మరిచిపోయిన ఉంగరం తీసి చేతిలో పెడుతుందని, తలుపు తీసి వదిలేసి పోవచ్చని. ఆ పేరు మీదే నాలుగిళ్లు నన్ను లోపలికి రానిస్తాయి. చేయని పని చేశానని చెప్పే మనిషినని అనిపించుకుంటే ఇంక నా దగ్గరేముంది.

అప్పుడే కింద కూరగాయల బండి వచ్చింది. నేను బాల్కనీలోకి పోయి పైనుంచే అడిగాను. "అన్నా, జర ఆగు. బట్టలు పిండుడంటే ఏం జేసుడే?"

అతను తలెత్తి చూశాడు. "ఏం జేసుడేంది అక్కా, సబ్బు పెట్టి పిండుడు. గ్రూప్ పరీక్షల గిట్ల అడిగిన్రా ఏంది?"

గేటు దగ్గర ఊడుస్తున్న వాచ్‌మన్ భార్య చీపురు ఆపి నవ్వింది. ఆమెది పాలమూరు వైపు. "పిండి పిండి అక్కకు దిమాక్ ఖరాబైంది," అంది.

వెనక్కి తిరిగితే టీచరమ్మ తలుపు దగ్గరే ఉంది. అంతా విన్నది. "విన్నరు గదా అమ్మా," అన్నాను.

"వాళ్లకేం తెలుసు," అంది.

బట్టలు ఉతికేవాళ్లకు ఉతకడాన్ని ఏమంటారో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందో నాకర్థం కాలేదు. ఆమె అలమారా తీసి ఇటుకంత లావు పుస్తకం దించింది. ఇంకా వాపు తగ్గని ఆ చేత్తోనే దించింది. వేలు తడి చేసుకుని కాగితాలు తిప్పి ఒకచోట ఆపింది. "పిండు అంటే ఒత్తి రసమో నీరో తీయడం. ఇంకో అర్థం గుంపు. ఉతకడం అని ఎక్కడా లేదు. చూడు," అని పుస్తకం నా వైపు తిప్పింది.

నాకు చదవడం రాదని ఆమెకు తెలుసు. నా పేరు రాయగలను, బస్సుల మీద నంబర్లు పోల్చుకోగలను, అంతే. అయినా చూశాను. ఎందుకంటే చూడకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె వేలు కింద నల్లగా ఏదో ఉంది. ఆ వేలు చుట్టూ ఎంత వెతికినా నా మాట నాకు దొరకదు కదా.

"గీ పుస్తకం రాసినాయన బట్టలు ఎవరు పిండిన్రో, ఆమెను అడగాలె అమ్మా," అన్నాను.

"నోరు బాగా పెరిగింది నీకు," అని పుస్తకం మూసేసింది.

తర్వాత వారానికే తేడా తెలిసింది. అదే అపార్టుమెంటులో నేను పనిచేసే రెండో అంతస్తు ఆమె, నేను మడతపెట్టి ఇచ్చిన చీర తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నా ఎదురుగానే. అంతకుముందు ఎన్నడూ చూడలేదు. టీచరమ్మ చెప్పిందన్నమాట. ఏమనాలి? సబ్బు వాసన వచ్చింది కాబట్టి బీరువాలో పెట్టుకుంది. ఆ రోజు నుంచి ప్రతి బట్టకూ అదే తనిఖీ. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ నిలబడితే, నా చేతులు కూడా వాసన చూస్తుందేమో అనిపించేది.

టీచరమ్మ పని మాత్రం మాన్పించలేదు. స్వెట్టరు కన్నాలకు రఫూ చేయించుకు రమ్మంది. నారాయణగూడలో రఫూ చేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, "గీ రంగు ఊలు యాడ దొరకదమ్మా. కింద అంచుల నుంచి నాలుగు వరసలు విప్పి, గా దారంతోనే అల్లుత. ముందుగాల సాఫ్ పిండుకొని రా, మురికి దాని మీద నేను సూది పెట్టను," అన్నాడు. పిండుకుని రా అన్నాడు ఆయన కూడా. ఆ మాట టీచరమ్మకు చెబుదామని నోటి దాకా వచ్చింది. ఆయనకు నేనే ముందుగా నేర్పిపెట్టానంటుందని ఊరుకున్నాను.

రఫూకు ముందు దాన్ని ఉతికిన రోజు టీచరమ్మ స్టూలు వేసుకుని నా పక్కనే కూర్చుంది. కుంకుడుకాయ రసం గోరువెచ్చటి నీళ్లలో పలచగా కలిపించింది. "రుద్దకు, అరచేతులతో నొక్కు. మళ్లీ నొక్కు. ఎత్తేటప్పుడు భుజాలు పట్టుకోకు, కింద రెండు చేతులూ పెట్టి మొత్తం ఒకేసారి ఎత్తు." ఎత్తాను. తడి ఊలు బరువు నాకప్పుడు తెలిసింది. భుజాలు పట్టుకుని లేపితే దాని బరువుకు అదే సాగిపోతుంది. నా భర్త స్వెట్టరుకు నేనేం చేశానో ఇన్నేళ్లకు అర్థమైంది. నీళ్లు తగలడం తప్పు కాదు, నా చేతులది తప్పు. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మూడు నీళ్లు మార్చాక ఆమె, "ఇప్పుడు దీన్ని పిం..." అని ఆగిపోయింది.

నేను నీళ్లలో చేతులు పెట్టుకుని ఆమె మొహం చూస్తున్నాను. ఆమె రెండు పిడికిళ్లూ గాలిలో పెట్టి అటూ ఇటూ మెలి తిప్పి, తల అడ్డంగా ఊపింది.

"మెలెయ్యొద్దా?" అన్నాను.

"ఆ. అదే."

తువ్వాలు పరిచి, దాని మీద స్వెట్టరు పెట్టి, చాపలా చుట్టి మోకాలితో నొక్కమంది. తువ్వాలు నీళ్లు తాగేసింది. మంచం మీద పాత దుప్పటేసి, చేతులు బారచాపి పడుకోబెట్టినట్టు నీడలో పరిచాం. కాఫీ మరక పోయింది, కన్నాలు మాత్రం ఉన్నాయి. నాకు ఆ రోజు స్వెట్టరు మీద కోపం లేదు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి ఒక మాట దగ్గర ఆగి, చేతులతో చూపించింది. అంటే ఆ మాటకు ఇంకో అర్థముందని ఒప్పుకున్నట్టే కదా. నేనట్లానే లెక్కపెట్టుకున్నాను. రఫూ ఆయన పని బాగానే చేశాడు. అంచు రెండు వేళ్లు పొట్టిదైందని ఆమె సణిగింది, సణగనీ అనుకున్నాను.

ఆ చలి కూడా పోయింది. మళ్లీ స్వెట్టరు పెట్టెలోకి పోవాల్సిన రోజు వచ్చింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే కుంకుడు రసం తీసి, టబ్బులో స్వెట్టరు నొక్కుతున్నాను. రెండో అంతస్తు ఆమె ఏదో పనిమీద పైకొచ్చింది. ఇద్దరూ గుమ్మం దగ్గర మాట్లాడుకుంటున్నారు. నేను వెనక బాల్కనీలో ఉన్నానని టీచరమ్మకు తెలుసు, గొంతు మాత్రం తగ్గించలేదు.

"దగ్గరుండి చూసుకోవాలి వీళ్లను. పోయినసారి ఉతక్కుండానే పెట్టెలో పెట్టి, ఉతికానని చెప్పింది. మా అక్క స్వెట్టరు నాశనమైంది."

ఉతికానని నేను ఏ రోజూ చెప్పలేదు. అయింది అన్నాను. పిండలేదు కదా అని ఆమే అడిగింది, లేదు అని నేనే చెప్పాను. ఇంతకంటే నిజం ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఆ రోజు గాలిలో పిడికిళ్లు తిప్పినదేమిటి మరి? అర్థమైందనుకున్నది నేనొక్కదాన్నేనా?

టబ్బులోంచి చేతులు తీశాను. కొంగుకు తుడుచుకున్నాను. వాళ్లిద్దరి మధ్య నుంచి బయటికొచ్చి చెప్పులేసుకున్నాను.

"టీచరమ్మా, మీ స్వెట్టర్ మీరే పిండుకోండ్రి."

"అంటే?" అంది ఆమె. "ఉతుక్కోమంటున్నావా, నీళ్లు తీసుకోమంటున్నావా?"

ఇన్నేళ్లలో ఒక మాటకు అర్థం నన్నడగడం ఆమెకు అదే మొదలు. నేను చెప్పలేదు. మెట్లు దిగిపోయాను.

దిగానే కానీ ఆ రోజంతా మనసు టబ్బు దగ్గరే ఉంది. కుంకుడు నీళ్లలో ఊలు అంతసేపు నానకూడదు. ఆమె చేయి పనిచేయదు, కోడలికి చేతకాదు. పోనీ అనుకుంటాను, మళ్లీ అదే గుర్తొస్తుంది. తిట్టుకుంటూ వంట చేశాను, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

మర్నాడు అశోక్‌నగర్ హాస్టల్లో జీన్సు ప్యాంట్లు బాదుతుంటే వాచ్‌మన్ భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, టీచరమ్మ రమ్మంటుంది. స్వెట్టర్ టబ్బులనే ఉన్నదంట. పిండనీకి ఎవరు లేరంట."

నా చేతులు ఆగిపోయాయి. "ఏమన్నది? ఆమె నోటితోని ఏమన్నదో గట్లనే చెప్పు."

"గదే. రమ్మన్నది."

"పిండనీకి అన్నదా, ఉతకనీకి అన్నదా?"

"రెండు ఒక్కటే గదా అక్కా."

"ఒక్కటే గాదు. సోంచాయించి చెప్పు. పిండ అన్న మాట ఆమెదా, నీదా?"

ఆమె నా మొహం వింతగా చూసింది. చేతిలో పాల ప్యాకెట్లు ఒకవైపు నుంచి ఇంకోవైపు మార్చుకుంది. "నేను మెట్లు కడుగుతున్న. ఆమె పైనుంచి ఒర్లింది. పిండనీకి అన్నదేమో. ఉతకడానికి అన్నదేమో. నాకేం యాదికుంటది? నువ్వొస్తవా, రావా?"

పిండడానికి రమ్మని ఆమె తన నోటితో అని ఉంటే, నేను ఆ తడి చేతులతోనే పరుగెత్తేదాన్ని. అంత చదువుకున్నామె నా మాటను నా అర్థంలోనే పలికిందంటే, నేను అబద్ధం చెప్పలేదని ఒప్పుకున్నట్టే. ఉతకడానికి అని ఉంటే మాత్రం, ఆమెకు కావలసింది నా చేతులే, నేను కాదు. పోయి అడిగితే ఆమె చెప్పదు, పుస్తకం తీస్తుంది.

నేను పోలేదు. కోడలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్వెట్టరు బయటికి తీసిందని తర్వాత తెలిసింది. ఎట్లా తీసింది, భుజాలు పట్టుకునా, కింద చేతులు పెట్టా, ఎవరూ చెప్పలేదు.

ఆ అపార్టుమెంటు ముందు నుంచి పోయినప్పుడల్లా వాచ్‌మన్ భార్యను ఆపి అడుగుతూనే ఉంటాను. ఆ రోజు ఆమె సరిగ్గా ఏమన్నదో ఇప్పుడన్నా యాదికొచ్చిందా అని.

"ఇంక గదే ముచ్చటా అక్కా," అంటుంది. "రమ్మన్నది. పోకపోతివి."